వాస్తు సరే, హద్దులెవరు చూశారు?

మా చిన్నాన్న కర్నూలులో ఇల్లు కొనబోతూ వాస్తుపండితుణ్ణి వెంటబెట్టుకుపోయాడు. ఆయన గంటసేపు దిక్సూచి తిప్పి, ఈశాన్యం పెరిగిందని సంతోషించి, దక్షిణ పుచ్చుకుని వెళ్ళాడు. మూడు సెంట్ల స్థలం నిజంగా మూడు సెంట్లేనా అని టేపు పట్టి చూసినవాడు మాత్రం లేడు. అడిగితే, "ఈసీ తీపిచ్చినా గదరా, ఇంగేం గావల్ల?" అన్నాడు. నా పేచీ అంతా ఈ మాటతోనే.

మిత్రులారా, ఈసీ అనేది రిజిస్టరైన లావాదేవీల జాబితా, అంతే. నోటిమాట పంపకాలు అందులో కనబడవు. స్థలం దగ్గరికి వచ్చి హద్దు కొలిచే పని దానిది కాదు. ఇక నీళ్ళ సంగతి దానికి అసలే తెలియదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచినప్పుడు ఏ గోడకు ఎంత ఎత్తున బురద గీత పడిందో ఏ దస్తావేజు చెబుతుంది? కడపలో బుగ్గవంక 2001లో ఇళ్ళలోకి వచ్చింది, 2020లో నివర్ తుపాను వానలకు మళ్ళీ వచ్చింది. కరువుసీమలో వరదేమిటని నవ్వేవారు ఆ వంక ఒడ్డున ఒక్క ఇంటివారినైనా అడిగి చూడాలి.

వరద రాని చోట నేల ఉండనే ఉంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొని బీటలిస్తుంది. పునాది అందుకు తగినట్టు లేకపోతే కిటికీ మూలల నుండి ఏటవాలుగా పగుళ్ళు పాకుతాయి. అమ్మేవాడు వాటికి లప్పం పెట్టి రంగు వేయిస్తాడు. (పాత ఇంట్లో కొత్త రంగు వాసన వస్తే నాకు భయం.)

బ్యాంకువారు ఇంజనీరును పంపారు గదా అంటారు. ఆయన చూసేది బ్యాంకు అప్పుకు పూచీ. అమ్మేవాడు పిలిచిన సర్వేయరు గురించి చెప్పనే అక్కరలేదు. ఇంగ్లండులో కొనేవారు తమ ఖర్చుతో తమ సర్వేయరును పెట్టుకోవడం మామూలు విషయం. మనమూ అమ్మేవాడి చేత ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టించి, ఎఫ్ఎంబీ పటం ప్రకారం హద్దులు చూపించమనాలి. ఆ కొలత దగ్గర మన మనిషి నిలబడాలి. 22-ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరుందేమో చూడాలి. గోడలు, పునాది మనం డబ్బిచ్చిన ఇంజనీరే చూడాలి.

"మా మాట మీద నమ్మకం లేదా?" అని అమ్మేవాడు నొచ్చుకుంటాడట! సీమలో ఈ మర్యాదకు ఎన్ని సంసారాలు కోర్టుల చుట్టూ తిరిగాయో.

చిన్నాన్న చివరికి కొలిపించాడు. వెనుక గోడ గజం మేర పక్కవారి స్థలంలో ఉంది. బయానా అప్పటికే ఇచ్చేశాడు. దానికోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.