చెరువుకట్ట మీద పాఠం

మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం చెప్పే లెక్క ఇది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువు గురించి వేయించిన ఆ శాసనంలో పని వివరాలూ ఉన్నాయి: వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు. నీటిశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తీపినీటి ఏరు, కొండల నడుమ మరీ పొడవు కాని దిట్టమైన రాతికట్ట, దగ్గర్లో రాతి గని, పని తెలిసిన మనుషులు ఆ పన్నెండింటిలోవి. కట్ట ఊరడం, చవిటి నేల, చెరువు మధ్యలో మిట్ట, నీటికి మించిన పొలం, పొలానికి మించిన నీరు, రెండు రాజ్యాల సరిహద్దు ఆరు దోషాలు. ఆ చివరి దోషం ఏమిటో కృష్ణా జలాల తగాదా ఎరిగినవారికి విడమరచనక్కర్లేదు.

ఆరుబయట తరగతికి ఇంతకంటే మంచి ప్రశ్నపత్రం దొరకదు. ఏ ఊరి పిల్లలైనా తమ చెరువును ఈ ఆరింటితో పరీక్షించవచ్చు. నడక వాగు దగ్గర మొదలవ్వాలి. పైనుంచి వచ్చే నీటికి ఎక్కడ రోడ్డు అడ్డొచ్చింది, ఎక్కడ ప్లాటు పడింది అన్నది అక్కడే తెలుస్తుంది. తరవాత కట్ట, తూము, మరవ, ఆయకట్టు. తూము పొలానికి నీళ్లిస్తుంది, మరవ మిగులు నీటిని వదిలి కట్టను కాపాడుతుంది. ఈ తేడా బొమ్మలో కన్నా మరవ దూకుతున్నప్పుడు త్వరగా అర్థమవుతుంది. చివరగా ఆయకట్టులోని ఒక బావి. చెరువు నిండినప్పుడు ఆ బావిలో నీరెంత పైకొస్తుందో తాడు వేసి కొలిచిన పిల్లవాడికి భూగర్భజలం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

లెక్కల మాస్టారికీ ఇక్కడ పనుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. కడప జిల్లాలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు కురుస్తుంది. అంటే వంద చదరపు మీటర్ల బడి కప్పు మీద పడేది 70 వేల లీటర్లు. జీవశాస్త్రానికి తూనీగ చాలు: గాలిలో ఎగిరే ఆ పురుగు పిల్లదశంతా నీటిలోనే గడుపుతుంది.

పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయాలని 1991లోనే పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాఠమైతే వచ్చింది, కానీ చాలా బడుల్లో అది దుకాణంలో కొన్న బొమ్మల్ని చార్టు మీద అతికించడంగా మిగిలింది. చెరువు దాకా తీసుకెళ్లి, పులిహోర తినిపించి, ఫొటోలు దిగి వచ్చేది కూడా తరగతి కాదు, విహారం. పిల్లల్ని నీటిలోకి దిగనివ్వకూడదు. ఈత వచ్చిన పెద్దలు ఇద్దరైనా వెంట ఉండాలి.

ఒకే చెరువును రెండుసార్లు చూపాలి: నవంబరులో ఒకసారి, మార్చిలో మరోసారి. రెండుసార్లూ తూము తెరిచి నీళ్లు పంచే నీరుగంటిని పిలిచి మాట్లాడించాలి. ఆ తూమును ఎప్పుడు ఎంత ఎత్తాలో ఏ పుస్తకంలోనూ లేదు.