ఓర్వకల్లు చిప్‌లకు కాపలా
కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ఇండిచిప్ సంస్థ రూ.14,000 కోట్లతో పెట్టదలచిన సిలికాన్ కార్బైడ్ చిప్‌ల ఫ్యాక్టరీ మాట వస్తే మన చర్చంతా నీళ్లు, భూములు, ఉద్యోగాల చుట్టే తిరుగుతుంది. కరువు సీమలో అది న్యాయమే. కానీ కంప్యూటర్ల భద్రతనూ ఇప్పుడే, ఒప్పందంలోనే రాయించాలి. అనలాగ్‌తో పాటు సిలికాన్ కార్బైడ్ చిప్‌లూ చేసే ఎక్స్‌ఫ్యాబ్‌పై 2020 జులైలో సైబర్ దాడి జరిగితే ఆరు ఫ్యాక్టరీల్లోనూ పని ఆపేయాల్సి వచ్చింది, అదీ ఏళ్ల అనుభవమున్న సంస్థకు. యంత్రాలను ఇంటర్నెట్‌కు కలపకపోతే సరిపోదా అని అడిగేవారున్నారు. సరిపోదు: 2018లో తైవాన్‌లోని చిప్‌ల సంస్థ టీఎస్‌ఎంసీలో వైరస్ పాకింది కొత్త యంత్రానికి సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు జరిగిన పొరపాటుతోనే. ఓర్వకల్లులో దిగే యంత్రాలూ చాలావరకు విదేశాలవే; వాటిని బిగించకముందే పరీక్షించగల మనుషులను కర్నూలు ట్రిపుల్ ఐటీలో ఇప్పటినుంచే తయారుచేసుకోవాలి.