పాత సంఖ్యలను క్రొత్తవారికి ఇయ్యరాదు

బెంగుళూరు కబ్బన్‌పేటలోను, దొడ్డబళ్ళాపురములోను, మరి ఎక్కడనైనను పాత కంప్యూటరు ప్రోగ్రాములతో లెక్కలు నడుపుకొను మన సంఘములవారు, దుకాణదారులు ఒక విషయము గమనింపవలెను. అచ్చు వెడల్పును మించి పడుగు పట్టదు. అట్లే ఆ ప్రోగ్రాములలో సంఖ్యలకును హద్దు కలదు. నాలుగు గడులే ఇచ్చియున్నచో 9,999తో సరి. రెండు బైట్ల చోటు మాత్రమే ఉన్నచో సాధారణముగా 32,767తో సరి.

హద్దు చేరిననాడు కొన్ని ప్రోగ్రాములు నిలిచిపోవును. కొన్ని చెప్పక చేయక మరల మొదటినుండి లెక్కించి, పాత ఖాతాపై క్రొత్త ఖాతా వ్రాయును. రెండవది మరింత ప్రమాదము. ఇది చిన్నవారికే వచ్చు చిక్కు కాదు. 2004 డిసెంబరులో అమెరికాలోని కామెయిర్ విమాన సంస్థ సిబ్బంది పట్టికల ప్రోగ్రాము ఒక నెలలో 32,768 మార్పుల హద్దు దాటి ఆగిపోగా, క్రిస్మస్ పండుగనాడు వెయ్యికి పైగా విమానములు రద్దయినవి.

ఇట్టి చిక్కు రాగానే కొందరు సులభోపాయము చెప్పుదురు. మరణించిన సభ్యుల సంఖ్యలు ఖాళీగా ఉన్నవి గదా, వానినే క్రొత్తవారికి ఇత్తమందురు. ఖర్చు లేదనుట నిజమే. కాని ఆ నేతగానికి రావలసిన కూలి బాకీయో, పొదుపు సొమ్మో ఇంకను మిగిలియుండవచ్చును. ఆ సంఖ్యపై మరియొకరి పేరు ఎక్కిన పిదప ఆతని భార్య వచ్చి అడిగినచో సంఘము ఏ ఖాతా చూపును? ఈ ఉపాయమును మనము ఒప్పుకొనరాదు.

మన ఊరి బండ్లనే చూడుడు. 9999 నిండగానే అక్షరము మార్చి క్రొత్త వరుస ఆరంభింతురు. సభ్యుల సంఖ్యకును ముందొక అక్షరము చేర్చవచ్చును. ఆ గడి అంకెలనే పుచ్చుకొనునదైనచో గడిని వెడల్పు చేయింపవలెను. ముందుగా లెక్కలన్నిటికి వేరొక ప్రతి తీసి ఉంచవలెను. కూలి చీటీ, ఖాతా పుస్తకము, బ్యాంకుకు పంపు పట్టిక, ఇట్లు ఆ సంఖ్య వచ్చు ప్రతి చోటను మార్పు సరిచూడవలెను.

బిల్లులకు దారి మరింత సులభము. 2017 జూలై 1న అమలులోనికి వచ్చిన జి.ఎస్.టి. నిబంధనల ప్రకారము బిల్లు సంఖ్య 16 అక్షరములకు మించరాదు. ఒక ఆర్థిక సంవత్సరములో ఒకే సంఖ్య రెండుమారులు రారాదు. అక్షరములు, అంకెలు, అడ్డుగీత, ఏటవాలు గీత వాడవచ్చును. కావున ప్రతి ఏప్రిల్ 1న సంవత్సరమును చేర్చి క్రొత్త వరుస మొదలిడవచ్చును.

కార్యదర్శులు నేడే మూడు విషయములు చూడవలెను: ఇప్పటి సంఖ్య ఎంత, హద్దు ఎంత, ఏటికి ఎన్ని ఖర్చగుచున్నవి. రెండేండ్ల చోటైనను మిగిలియుండగనే పని ఆరంభించిన తొందరపాటుండదు. దీనిని గుమాస్తాపై వదలక కార్యవర్గమే తీర్మానింపవలెను. ఏలయన ఆ సంఖ్యల వెనుక నున్నది మన కుటుంబముల కష్టార్జితము.