ఇంకా ఎన్ని రోజులు, టీచర్?



డిసెంబరు మొదలయిందంటే చాలు, తరగతి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. శాంటా డ్రెస్ ఎక్కడ దొరుకుతుంది? గడ్డం విడిగా కొనాలా, డ్రెస్‌తో పాటే వస్తుందా? రెండు గంటల వేడుక కోసం కొన్న ఆ ఎర్ర డ్రెస్ వచ్చే ఏడాదికి పొట్టి అయిపోతుంది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, అడిగింది మేమే. ఎరుపు, తెలుపు దుస్తుల్లో పంపమని డైరీలో రాయించిన టీచర్లలో నేనూ ఉన్నాను. ఈసారి మాత్రం నా మాట వేరు.

పోయినేడాది వేడుక అయ్యాక మూడో తరగతి పిల్లల్ని క్రిస్మస్ అంటే ఏమిటని అడిగాను. కేకు, శాంటా, గిఫ్టు, సెలవులు అన్నారు. ఆ రోజు పుట్టింది ఎవరో ముగ్గురే చెప్పారు, ఆ ముగ్గురూ ఇంట్లో విని ఉన్నవాళ్లు. మిగతావాళ్లకి చెప్పాల్సింది మేము. చెప్పలేదు.

చర్చిలో క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటారు, ఇంగ్లిషు పేరు అడ్వెంట్. నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో అది మొదలవుతుంది. చాలా చర్చిల్లో ఆ రోజుల్లో ఊదా రంగు వస్త్రాలు వాడతారు. అది పశ్చాత్తాపానికి, సిద్ధపడటానికి గుర్తు. అంటే ఈ నెల వేడుకది కాదు, ఎదురుచూపుది. మనం ఎదురుచూపు తీసేసి వేడుకను ముందుకు జరిపాం.

ఈ కాలంలో వెలిగించే కొవ్వొత్తుల వెనుక పిల్లలున్నారు, అందుకే ఈ కథ మీకు చెప్పాలనిపించింది. జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిష్ విషెర్న్ అనే పాస్టరు 1833లో పేద పిల్లల కోసం, దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం పెట్టాడు. డిసెంబరు వస్తే ఆ పిల్లలు రోజూ ఒకటే అడిగేవారట, క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులని. 1839లో ఆయన ఒక పాత బండి చక్రం తీసుకుని దాని మీద రోజుకొకటి చొప్పున చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు పెట్టాడు. రోజుకొకటి వెలిగించేవారు. ఇంకా ఎన్ని మిగిలాయో పిల్లలే లెక్కపెట్టుకునేవారు. ఈరోజు చర్చిల్లో నాలుగు కొవ్వొత్తులతో కనిపించే పచ్చని ఆకుల చక్రం దాని నుంచి వచ్చిందే.

నాకు ఈ చక్రం సంగతి పెద్దయ్యాకే తెలిసింది. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మా ఇంటి మీద నాన్న వెదురు బద్దలు కట్టి, గాలిపటం కాగితం అతికించి, లోపల బల్బు పెట్టి నక్షత్రం వేలాడదీసేవాడు. అమ్మ అరిసెలు వండి డబ్బాలో పోసి అటక మీద పెట్టేది. పండగ రోజు చర్చి నుంచి వచ్చేదాకా మూత తీయకూడదు. కొత్త గౌను దర్జీ దగ్గర ఉండేది. రోజూ బడి నుంచి వస్తూ ఆయన కొట్టు ముందు నిలబడేదాన్ని, "రేపు రా పాపా" అనేవాడు. ఆ రేపు 24 రాత్రి దాకా రాలేదు. ఇన్నేళ్లకు గౌను రంగు మర్చిపోయాను కానీ, ఆ కొట్టు గుమ్మం మాత్రం కళ్లకు కట్టినట్టుంది.

ఇప్పుడు నా తరగతిలో పిల్లలు "ఎన్ని రోజులు" అని అడగరు. "ఎక్కడిదాకా వచ్చింది" అని అమ్మ ఫోనులో చూస్తారు, డెలివరీ అబ్బాయి ఏ సిగ్నల్ దగ్గర ఉన్నాడో కూడా చెబుతారు!

మేం క్రైస్తవులం కాదు కదా టీచర్, మాకెందుకు అని మీలో కొందరు అనుకుంటారు. న్యాయమైన ప్రశ్నే. నేను నమ్మకం గురించి అడగడం లేదు. ఇదే డిసెంబరులో మీ వీధిలో అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజుల దీక్షలో ఉంటారు. నెల మధ్యలో ధనుర్మాసం వస్తుంది, సంక్రాంతి దాకా తెల్లవారుజామున ముగ్గులు పడతాయి. రంజాన్‌కి ముందు నెల రోజుల ఉపవాసం ఉంది. పండగకు ముందు ఆగడం మన ఏ ఇంటికీ కొత్త కాదు, మన పిల్లలకే కొత్తగా ఉంది.

అసలు కథ కూడా చెప్పండి. నిండు గర్భిణికి సత్రంలో చోటు దొరకలేదు. పుట్టిన బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. ఆ కబురు మొదట అందింది రాజుకు కాదు, పొలంలో రాత్రి కాపలా కాస్తున్న గొర్రెల కాపరులకు. మన బడి గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే అన్న పేరు మీ పిల్లలకు తెలుసా అని ఒకసారి అడిగి చూడండి. నేను అడిగితే ఎక్కువమందికి తెలియలేదు.

సెలవుల్లో మెదక్ చర్చికి వెళ్లే కుటుంబాలు చాలా ఉంటాయి. అక్కడ ఫొటోలు దిగేటప్పుడు ఒక మాట చెప్పండి. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చి, తిండి పెట్టి పాస్నెట్ అనే మిషనరీ కట్టించిన చర్చి అది. 1914లో మొదలుపెడితే 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

ఇక ఈ ఏటి సంగతి. నా తరగతికి శాంటా డ్రెస్ అక్కర్లేదు, కొనకండి. బోర్డు మూల సుద్దముక్కతో 24 కొవ్వొత్తులు గీశాను. రోజుకో పిల్లాడు వచ్చి ఒక మంట గీస్తున్నాడు. గిఫ్టు కొని ఉంటే దయచేసి 25 దాకా దాచండి. ఏడిస్తే ఏడవనివ్వండి, ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టించండి.

సెలవులకు ముందు రోజు చిన్న నాటకం వేస్తున్నాం. దేవదూత వేషానికి తొమ్మిది పేర్లు వచ్చాయి, నక్షత్రానికి ఆరు. చోటు లేదు పొమ్మనే సత్రం యజమాని వేషానికి ఇంతవరకు ఒక్క పేరూ రాలేదు. మీ ఇంట్లో ఎవరైనా ఒప్పుకుంటే శుక్రవారంలోగా డైరీలో రాసి పంపండి. ఒక్కటే డైలాగు.