చంపి నేర్చుకునే చదువా?

తిమింగలం వయసు ఎలా చెబుతారో తెలుసా? దాని చెవిలో గులిమి ఏళ్ల తరబడి పొరలు పొరలుగా పేరుకుంటుంది. చెట్టు మానులోని వలయాల్లాగే ఆ పొరల్నీ లెక్కపెట్టవచ్చు. కాని ఆ గులిమి చేతికి రావాలంటే తిమింగలం చావాలి!

ఇలాంటి కారణాలే చెప్పి జపాన్ 2005 నుంచి అంటార్కిటిక్ సముద్రంలో సుమారు 3,600 మింకీ తిమింగలాలను చంపింది. పేరుకు పరిశోధన, మాంసం బజారుకు వెళ్లింది. 2014లో అంతర్జాతీయ న్యాయస్థానం ఫలితాలేవని చూస్తే, సాటి శాస్త్రవేత్తలు పరిశీలించి ఆమోదించిన వ్యాసాలు రెండే తేలాయి. ఆ రెండింటికీ పనికి వచ్చినవి మొత్తం 9 తిమింగలాలు. మరి తక్కినవన్నీ దేనికి చచ్చినట్టు? వేట ఆపమని తీర్పు వచ్చింది.

చంపకుండా తెలుసుకునే దారి లేకనా? బోలు మొన ఉన్న చిన్న బాణం వేస్తే పిసరంత చర్మం ఊడి వస్తుంది. తిమింగలం తన దారిన తాను పోతుంది. ఆ చర్మంలోని డి.ఎన్.ఎ. అది ఆడో మగో, ఏ మందకు చెందినదో, ఎవరికి చుట్టమో చెబుతుంది. వయసు సంగతో? హంప్‌బాక్ తిమింగలాల వయసును 2014లోనే చర్మం నుంచి అంచనా కట్టారు. సగటున సుమారు నాలుగేళ్లు అటూ ఇటూ అవుతుంది, నిజమే. ఆ తేడా నాకు సమ్మతమే.

2019లో జపాన్ అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ నుంచి తప్పుకుంది. ఇప్పుడు మాంసం కోసమేనని చెప్పే తన సముద్రాల్లో వేటాడుతోంది. ఆ వేట నాకు నచ్చదు. కాని దాన్ని సైన్సు అనడం మానింది, అంతవరకు నయం.