ఆవు దగ్గరికి నడిచి వెళ్ళిన యంత్రం

ఈ సోమవారం తెల్లవారకముందే అనకాపల్లి జిల్లా మునగపాక వైపు, శారదా నదికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్ళో పాల కేంద్రం ముందు నిలబడి ఉన్నాను. క్యాన్లు, స్టీలు బిందెలు, పైన గుడ్డ కట్టిన చెంబులు వరుసలో ఉన్నాయి. వెన్న శాతం చూసే కుర్రాడు పని మధ్యలో తన ఫోను తిప్పి అందరికీ ఒక వీడియో చూపించాడు. ఎక్కడో విదేశంలో పచ్చిక మైదానం. మధ్యలో చక్రాల మీద ఒక గది. ఆవు తనంతట తానే లోపలికి వెళ్ళింది. ఇనుప చెయ్యి ఒకటి పొదుగు కిందికి వచ్చి, బ్రష్షుతో తుడిచి, నాలుగు చన్నులకూ నాలుగు గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి తగిలించింది. పాలు అయిపోయాక ఆవు బయటికి వచ్చి మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. ఎక్కడా మనిషి కనిపించలేదు.

వరుసలో ఉన్న ఒకావిడ, యాభై దాటి ఉంటుంది, చంకలో బిందె దించకుండానే అంది: "ఏటి బాబూ, మిషనే వొచ్చి పితికేత్తాదా? అలాగైతే ముందర దానికి గడ్డెక్కడుందో సూపించండి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ మాట ఈ వారమంతా నాతోనే తిరిగింది.

ముందు ఆ యంత్రం గురించి చెప్పాలి. అది నిజంగా గొప్ప ఆలోచన, దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. పాలు పితికే రోబో 1992లో నెదర్లాండ్స్‌లో మొదటిసారి రైతు కొట్టంలోకి వచ్చింది. ఆవు మెడపట్టీలోని చిప్పును చదివి ఏ ఆవు వచ్చిందో గుర్తుపడుతుంది. పితికి ఎంతసేపయిందో చూస్తుంది. సమయం కాకపోతే దాణా పెట్టకుండా పంపేస్తుంది. నాలుగు చన్నుల పాలనూ వేరువేరుగా కొలుస్తుంది. పాలలో విద్యుత్ ప్రసరణ ఎలా ఉందో చూసి, పొదుగువాపు మొదలవుతుంటే కంటికి కనబడకముందే రైతు ఫోనుకు కబురు పంపుతుంది. రాత్రి రెండింటికి ఆవుకు పొదుగు బరువెక్కితే రాత్రి రెండింటికే వెళ్ళి పాలిచ్చుకోవచ్చు.

కానీ ఆ సదుపాయంతో ఒక నష్టం కూడా వచ్చింది. రోబో కొట్టంలో ఉంది, ఆవు కూడా కొట్టంలోనే ఉండిపోయింది. గడ్డిని కోసి లోపలికి తెచ్చి వేయడం మొదలైంది. మేతకు దూరంగా పంపితే ఆవు తిరిగి రోబో దగ్గరికి రావడం తగ్గిపోతుంది, పాలూ తగ్గిపోతాయి. అందుకని యూరప్‌లో కొందరు పరిశోధకులు ఎదురు ప్రశ్న వేసుకున్నారు. ఆవును యంత్రం దగ్గరికి తెచ్చే బదులు యంత్రాన్నే ఆవు దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళకూడదు? బెల్జియంలో లియేజ్ విశ్వవిద్యాలయం వాళ్ళు రోబోను బండి మీదికి ఎక్కించి మేత కాలంలో పచ్చిక బయలుకు తీసుకెళ్ళారు. ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతంలోని త్రెవారేజ్ ప్రయోగ క్షేత్రంలోనూ ఇదే పని చేశారు. మేతనూ రోబోనూ ఎలా కలపాలో తేల్చడానికి ఐర్లండ్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, డెన్మార్క్, స్వీడన్ కలిసి 2013లో ఒక ఉమ్మడి పరిశోధన మొదలుపెట్టాయి.

నా మనసును పట్టుకున్నది ఆ పరిశోధనలోని ఒక చిన్న కిటుకు. ఆవును రోబో దగ్గరికి రప్పించేది కర్ర కాదు, తాడు కాదు. బీడును ముక్కలుగా కట్టి, ఒక ముక్క మేసేశాక కొత్త ముక్కకు దారి రోబో గుండానే పెడతారు. లేత గడ్డి కోసం ఆవు నడుస్తుంది. దారిలో ఆగి పాలిస్తుంది. ఆ వ్యవస్థ మొత్తం గడ్డి మీద నిలబడి ఉంది. కరెంటు, నీళ్ళు, బురద కాని గట్టి నేల కూడా కావాలి, అవన్నీ డబ్బు పెడితే వస్తాయి. గడ్డి లేకపోతే ఆవు రాదు.

పాల కేంద్రం దగ్గర ఆవిడ అడిగింది సరిగ్గా ఇదే.

ఇక్కడికి కూడా ఈ రోబో రావాలని రాసేవాళ్ళు ఉన్నారు, వస్తుందని ఆశపడే కుర్రాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు లెక్క చెబుతాను. ఒక్క రోబో ధర కోటి రూపాయలు దాటుతుంది. అది అరవై, డెబ్భై ఆవులకు సరిపోతుంది. మన జిల్లాలో ఆ వరుసలో నిలబడ్డ ఎవరి కొట్టంలో చూసినా రెండు గేదెలు, ఒక జెర్సీ ఆవు, పక్కన ఒక పెయ్య. గేదె చేపుకు రావడం మరీ నిదానం. తెలిసిన చెయ్యి తగలాలి, దూడ ఒకసారి చీకాలి, అప్పుడు వదులుతుంది. అలాగని గేదెకు రోబో పనికిరాదని కాదు. ఇటలీలో మొజరెల్లా కోసం పెంచే గేదెలను రోబోలు పితుకుతున్నాయి. అవి వందల గేదెల కొట్టాలు. మనకు సరిపడేది చక్రాల మీద తోసుకుపోయే చిన్న పాల మిషను. మోటారు, ఒక బకెట్టు, నాలుగు గొట్టాలు, అంతే. ఊరికి రెండు ఉంటే కొట్టం కొట్టానికీ తిరగొచ్చు. పశువుల డాక్టరు బండి ఊళ్ళోకే వస్తుందని పదేళ్ళ కిందట చెబితే ఎవరు నమ్మేవారు? 2022 మేలో ఒక విడతలో 175 సంచార పశువైద్య వాహనాలు ఈ రాష్ట్రంలో రోడ్డెక్కాయి. 1962 నంబరుకు ఫోను చేస్తే కదలలేని గేదె దగ్గరికే బండి వస్తుంది. యంత్రం పశువు దగ్గరికి వెళ్ళడం మనకు కొత్త ఆలోచనేమీ కాదు. దాన్ని పాలు పితికే చేతుల దాకా తీసుకెళ్ళలేదు, అంతే.

ఇక గడ్డి సంగతి. దీని గురించి ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. మళ్ళీ రాస్తాను.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఊరి మంద అని ఉండేది. పొద్దున్నే కంబారి కుర్రాడు వీధి చివర కేకేస్తే ఇంటింటి నుంచీ పశువులు బయటికి వచ్చేవి. చెరువు గట్టు, శ్మశానం పక్క బీడు, కొండ కింద పోరంబోకు. సాయంత్రం అవే ఎవరి గుమ్మానికి అవి తిరిగి వచ్చేవి. సెంటు భూమి లేని ఇంట్లో కూడా పాడి ఉండేదంటే కారణం ఆ పోరంబోకు. అది ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ అయింది. ఇప్పుడు రెవెన్యూ కాయితం మీద మేత పోరంబోకు అని ఉన్న చోటికి వెళ్ళి చూడండి. ఒకచోట ఇళ్ళ స్థలాలు, ఒకచోట క్వారీ, ఒకచోట ఎవరో కట్టిన కంచె, ఒకచోట ప్రభుత్వ భవనమే. అచ్యుతాపురం, రాంబిల్లి వైపు ప్రత్యేక ఆర్థిక మండలి కోసం వేల ఎకరాలు సేకరించినప్పుడు పట్టా భూములకు ఎంతిచ్చారన్న లెక్కలు అందరూ చెప్పారు. బీడు మీద బతికిన పశువుకు ఎంతిచ్చారని నేను అడిగితే, అది లెక్కలోకి రాదన్నారు.

సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో చాలా స్పష్టంగా చెప్పింది. గ్రామ ఉమ్మడి భూములను, పోరంబోకును ఆక్రమించినవాళ్ళను ఖాళీ చేయించి ఊరికి తిరిగి అప్పగించే పథకాలు అన్ని రాష్ట్రాలూ తయారుచేయాలని ఆదేశించింది. ఎన్నో ఏళ్ళుగా ఆక్రమణలో ఉంది కదా, ఖర్చు పెట్టి కట్టుకున్నారు కదా అన్నది సాకు కాకూడదంది. పంజాబ్‌లో ఒక ఊరి చెరువు గురించి వచ్చిన తీర్పు అది, మన చెరువు గట్టుకూ వర్తిస్తుంది. ఏళ్ళు గడిచిపోయాయి. ఆ తీర్పు కాయితం పట్టుకుని నేను వెళ్ళిన ఒక కార్యాలయంలో, దాన్ని చదవడానికి కూడా ఎవరూ చెయ్యి చాపలేదు.

పోరంబోకు పోతే పోయింది, చెరకు ఉంది కదా అనుకునేవాళ్ళం. అనకాపల్లి అంటే బెల్లం. చెరకు పరిశోధన కేంద్రం ఇక్కడ 1913 నుంచి ఉంది. గానుగ ఆడే నెలల్లో ఊళ్ళో ఏ గేదె ముందు చూసినా పచ్చి చెరకు ఆకే. కొట్టినవాళ్ళు ఆకు పట్టుకుపోయినా రైతు ఏమీ అనేవాడు కాదు. చెరకు తగ్గింది. తుమ్మపాల ఫ్యాక్టరీ మూతపడింది. గిట్టుబాటు లేదని రైతు సరుగుడు వేస్తున్నాడు, అతన్ని తప్పుపట్టను. కానీ సరుగుడు తోట కింద రాలిన సూదుల పరుపు మీద గడ్డి మొలవదు. కాబట్టి ఇప్పుడు ఎండుగడ్డి కొనాలి, తవుడు కొనాలి, చెక్క కొనాలి. పాలు అమ్మగా వచ్చిన డబ్బు దాణా కొట్టుకు పోతుంది. ఇంకా కొండకర్ల ఆవ అంచున గేదెలు మేస్తూ కనిపించినప్పుడు నేను బండి ఆపి చూస్తాను. ఆ నీళ్ళ అంచు కూడా ఎన్నాళ్ళుంటుందోనని భయం.

యూరప్ వాళ్ళు కొట్టంలో బంధించిన ఆవును మళ్ళీ బయటికి తేవడానికి కోటి రూపాయల యంత్రానికి చక్రాలు కట్టారు. నెదర్లాండ్స్‌లో ఏడాదికి 120 రోజులు, రోజుకు ఆరు గంటలు పచ్చిక మీద తిరిగిన ఆవుల పాలకు ప్రత్యేక ముద్ర వేసి, రైతుకు ఎక్కువ ధర కూడా ఇస్తున్నారు. మన ఊరి మందలో ప్రతి గేదే అంతకన్నా ఎక్కువ తిరిగింది. పైసా ఖర్చు లేకుండా ఉన్న దాన్ని మనం కంచెలు వేసి పోగొట్టుకున్నాం. ఇది తలుచుకుంటే నాకు కోపం కాదు, దుఃఖం వస్తుంది.

ఇంత రాశాక ఇంకొకటి రాయకుండా ఆపలేను. ఆ వీడియోలో లేని మనిషి గురించి.

2023-24లో దేశం 23.9 కోట్ల టన్నుల పాలు ఉత్పత్తి చేసింది, ప్రపంచంలో మనదే మొదటి స్థానం. అందులో చాలా భాగం ఎవరి వేళ్ళు పితికాయి? ఆడవాళ్ళవి. గడ్డి మోసేది, పేడ ఎత్తేది, నాలుగింటికి లేచి పొదుగు కడిగేది, మోకాళ్ళ మధ్య చెంబు పెట్టుకుని కూర్చునేది వాళ్ళే. ఆ వరుసలో నేను ముగ్గురిని చేతులు చూపించమన్నాను. ఇద్దరికి కుడి చేతి బొటనవేలు కీలు దగ్గర కాయ కట్టింది. ఒకావిడ పిడికిలి పూర్తిగా మూయలేకపోతోంది. రోజుకు రెండు పూటలు, ఏడాదికి 365 రోజులు. పండగ లేదు, పురుడు లేదు. యంత్రం కావాలని నేననేది వీళ్ళ చేతుల కోసం.

మరి కేంద్రం పుస్తకంలో సభ్యత్వం ఎవరి పేర ఉంది? భర్త పేర. డబ్బు ఏ ఖాతాలో పడుతుంది? భర్త ఖాతాలో. ఇలాగే ఉండాలని ఎక్కడా రాసిపెట్టలేదు. ములుకనూరులో మహిళల డెయిరీ 2002 నుంచి నడుస్తోంది, పాలు పోసేదీ వాళ్ళే, నడిపేదీ వాళ్ళే. తిరుపతిలో 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీలో వాటాదారులంతా ఆడవాళ్ళే, వాళ్ళ సంఖ్య లక్ష దాటింది. రాయలసీమలో, తెలంగాణలో సాధ్యమైంది మా శారదా ఒడ్డున ఎందుకు కాదు?

గడ్డి గురించి అడిగినావిడ బిందె ఖాళీ చేసుకుని చీటీ తీసుకుంది. రెండున్నర లీటర్లు. చీటీ మీద ఆవిడ పెనిమిటి పేరుంది. ఆయన హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా ఉండి నాలుగేళ్ళయిందట, ఆవిడకున్న మూడు పశువుల్లో రెండింటిని ఆయన ఇంకా చూడనే లేదట. ఆయన పంపితేనే ఆవిడకు పాల డబ్బు. చీటీ మడిచి కొంగున కట్టుకుని, ఎండుగడ్డి మోపు కోసం రోడ్డు దాటి అవతలికి వెళ్ళింది. మోపు ఎంతకు దొరికిందని తిరిగి వచ్చేటప్పుడు అడిగాను. ఆ పూట పోసిన పాల డబ్బులో సగం పైనే అయిందని చెప్పింది.