గ్రహాంతరవాసుల భయం - నిద్ర కరువు

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం. 2025 అక్టోబరు నుంచి సరిగా నిద్రపోవడం లేదు. కొత్తగా కనిపించిన తోకచుక్క పరగ్రహం వాళ్ళ యుద్ధనౌక అనీ, ప్రభుత్వాలు దాస్తున్నాయనీ సెల్‌ఫోనులో చూశాడు. డిసెంబరు 19న అందరం పోతామన్నాడు. ఆ తేదీ దాటాక ఇప్పుడు మరో తేదీ చెబుతున్నాడు. గుండెదడ, అరచేతుల్లో చెమట. అన్నం సయించదు. నా నిద్రబిళ్ళలో సగం రెండుసార్లు వేశాను. ఇంకా వెయ్యవచ్చా?
- ఒక తల్లి (పేరు, ఊరు ప్రచురించవద్దన్నారు)

జవాబు: వెయ్యకండమ్మా. అది మీ వయసునీ మీ బాధనీ చూసి రాసిన బిళ్ళ. పిల్లవాడికి మత్తు తెస్తుందే గాని భయం తియ్యదు. పైగా అలవాటు పడే ప్రమాదం ఉంది. ఆ బిళ్ళలు వాడికి అందని చోట పెట్టండి.

ఆ తోకచుక్క పేరు 3ఐ/అట్లాస్. 2025 జూలై 1న చిలీ దేశంలోని అట్లాస్ దూరదర్శినికి కనిపించింది. అది శత్రువుల యంత్రమైతే ఎలా ఉంటుందన్న ఊహతో అమెరికాలో హార్వర్డ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు అవీ లోబ్, మరో ఇద్దరూ కలిసి ఆ నెలలోనే ఒక వ్యాసం రాశారు. బహుశా తోకచుక్కే అయి ఉంటుందని కూడా ఆయనే అన్నారు. ఆ రెండో మాట మీ వాడి ఫోనుదాకా వచ్చినట్టు లేదు! డిసెంబరు 19న బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా అది మనకు సుమారు 27 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉంది. సూర్యుడే మనకు 15 కోట్ల కిలోమీటర్లలో ఉన్నాడు. ఇక అది దూరమైపోవడమే గాని తిరిగి రాదు.

అయితే ఈ లెక్కలు పట్టుకుని వాడితో వాదానికి దిగకండి. రాత్రి పన్నెండింటికి భయపెట్టేది ఏదో చూస్తాడు. ఒంట్లో అడ్రినలిన్ ఊరి గుండె దడదడలాడుతుంది. ఆ దడ చూసుకుని నిజంగానే ఏదో ముంచుకొస్తోందనుకుని మళ్ళీ ఫోను తీస్తాడు. తెల్లారేసరికి నిద్రలేక చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతాడు. మందు వెయ్యవలసింది ఇక్కడ. తిట్టి లాక్కుంటే దొంగచాటుగా చూస్తాడు. రాత్రి 9 దాటాక ఇంట్లో అందరి ఫోనులూ, వాళ్ళ నాన్నగారిది సహా, ఒకచోట పెట్టండి. సాయంత్రం నుంచి కాఫీ, టీలు వద్దు. ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేపండి. రోజూ కాసేపు ఆటకు పంపండి.

తాతగారుంటే స్కైలాబ్ కథ చెప్పమనండి. 1979లో అది నెత్తిన పడుతుందని కోళ్ళూ మేకలూ కోసుకుతిన్నవాళ్ళు మన పల్లెల్లోనే ఉన్నారు. జూలై 11న దాని ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. 1910లో హేలీ తోకచుక్కకు విరుగుడంటూ అమెరికాలో మాత్రలే అమ్మారు. కొన్నవారూ ఉన్నారు.

ఇన్ని నెలలైంది కనుక ఒకసారి డాక్టరుకి చూపించండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా దడ, చెమట, నిద్రలేమి ఉంటాయి. రక్తపరీక్షలో తేలిపోతుంది. వాళ్ళు తనతోనే మాట్లాడుతున్నారన్నా, ఎవరికీ వినపడని గొంతులు వింటున్నా, ఇంట్లోవాళ్ళనే అనుమానిస్తున్నా, ముందే చచ్చిపోతే నయమన్నా ఆ రోజే మానసిక వైద్యునికి చూపాలి. నలుగురూ ఏమనుకుంటారోనని వెనుకాడవద్దు. అప్పటిదాకా వాణ్ణి ఒంటరిగా వదలకండి. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ వారు రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే సలహా చెబుతారు. ఆ సగం బిళ్ళల సంగతి డాక్టరు దగ్గర దాచకండి.